సరిహద్దు దుమ్ము

నీరాలా గేటు దాటగానే రష్యా సిపాయి
పాస్‌పోర్టులో మొహాన్ని, ఎదుటి మొహాన్ని
మార్చి మార్చి చూశాడు.
డిక్కీలో మంచుపెట్టె, గుడ్డ సంచులు పన్నెండు,
చేతిలో పట్టే వాక్యూమ్ ఒకటి.
"ఏం తేవడానికి పోతున్నారు?"
"దుమ్ము," అంది హిల్కా.
అతను నవ్వలేదు.
"పరుపుల మీది దుమ్ము," అంది, వివరంగా.

యోయెన్సూలో ఆమె పనిచేసే ఆసుపత్రి గోడకి ఒక పటం:
ఒకటే అడవి, అడవి మధ్యలో గీత.
భూర్జ చెట్లు పూయగానే గీతకి ఈవల
బడికి బడే తుమ్ముతుంది.
ఆవల, అవే చెట్ల కింద, ఆ ముత్తాతల బిడ్డలకే
పుప్పొడి ఒట్టి పుప్పొడి.
ఎందుకో ఎవరికీ తెలీదు.

ఓయివాకి అయిదేళ్లప్పుడు
రాత్రంతా కుళాయి దగ్గరే నిలబడి నీళ్లు తాగాడు.
తెల్లారేసరికి పేరు తెలిసింది.
వాడి కణాలు రౌడీలు కావు.
వినయంగా, వరసలో నిలబడి,
క్లోమంలో ఇన్సులిన్ చేసే దీవుల్ని
ఒక్కొక్కటే శుభ్రం చేశాయి.
కంచే చేను మేసిందని సామెత చెబుతాం గాని
కంచెకి తెలుసా అది మేస్తోందని?

రొమ్ము ఎముక వెనక థైమస్ ఒక చిన్న బడి.
పిల్ల కణాలకి అక్కడ ఒకటే పరీక్ష: ఇది నీదా, కాదా?
తనవాళ్లని కరిచేది ఆ గుమ్మం దాటదు.
అయినా కొన్ని దాటతాయి.
అలా దాటినవాటి భుజం మీద చెయ్యేసి
"పోనీలేరా" అనే కణాలు వేరే ఉన్నాయి.
శాస్త్రం దానికి పెట్టిన పేరు ఓర్పు.
పేడలో, పచ్చిపాలలో, బురదలో దొర్లిన పిల్లల్లో
ఆ "పోనీలేరా" కాస్త గట్టిగా పలుకుతుందేమోనని
అనుమానం.
అనుమానమే. అందుకే సంచులు.

పిత్కారంతా దగ్గర క్లావ్దియా ఇల్లు.
దుబాసీ కుర్రాడు మాట పూర్తి చేయకముందే
ఆవిడ మొహం ఎర్రబడింది.
"మా ఇంట్లో దుమ్మా? నిన్ననేగా దులిపాను!"
దుప్పటి లాగి చూపించింది, దిండు తిరగేసి చూపించింది.
నీ దుమ్ము నాకు కావాలి తల్లీ అని
ఏ భాషలో చెప్పాలి ఒక ఇల్లాలికి?
హిల్కా చేతిలో వాక్యూమ్, దొంగ చేతిలో చెంబులా.

అప్పుడు మనవరాలు ఉస్తీన్యా
చెప్పులు లేని కాళ్లతో, ఆవు కొట్టంలోంచి ఆ కాళ్లతోనే వచ్చి
మంచం మీదికి ఒక్క గంతు.
కిటికీ ఎండలో లేచింది చూడండి
బంగారం నూరినట్టు!
క్లావ్దియా తల కొట్టుకుంది. అందరూ నవ్వారు.
మీట నొక్కారు.

వెళ్లేముందు ఆవిడ గుమ్మం చూపించింది.
రంగు ఎన్నిసార్లు వేసినా తేలి వచ్చే ఫిన్నిష్ అక్షరాలు,
ఎవరో పిల్లాడు చాకుతో చెక్కినవి.
"మేం వచ్చేసరికే ఉన్నాయి. ఏం రాసుందో?"
"ఐనో ఇక్కడ దాక్కున్నాడు," చదివింది హిల్కా.
ఆమె వాళ్లెవరూ కాదు. అమ్మ పుట్టిన ఊరు
ఇంకా నలభై కిలోమీటర్లు, ఇప్పుడు అడవి.
"మమ్మల్నీ వోలోగ్దా నుంచి రైల్లో తెచ్చి
ఇక్కడ అంటు కట్టారు," అంది క్లావ్దియా,
పాలసీసా మూత బిగిస్తూ.
"మొదటి చలికాలం ఇల్లు మమ్మల్ని ఒప్పుకోలేదు.
రెండోది కూడా.
తర్వాతెప్పుడో, గమనించలేదు."

తిరుగుదారిలో పాలసీసా గేటు దగ్గరే తీసేసుకున్నారు.
దుమ్ముకి మాత్రం కాగితాలున్నాయి.
ఫిన్లాండ్ వైపు నేల మీద మందునీళ్లతో తడిసిన చాప:
బూట్లు తుడుచుకుని రండి, అని మూడు భాషల్లో.
ముప్పై ఏళ్ల నర్సు. చేతులు కడగమని
ఊరందరికీ నేర్పిన మనిషి.
అటూ ఇటూ చూసి
అంగ చాచి, చాప మీద కాలు పడకుండా దాటింది.

ఓయివా నిద్రపోతున్నాడు. పదహారేళ్లు.
గోడకి ఇన్సులిన్ పట్టీ, తేదీలన్నీ నింపి.
ఇప్పుడు దేనికీ పనికిరాదని ఆమెకి తెలుసు.
అయినా బురద బూట్లు విప్పి
వాడి గది గడప లోపల పెట్టింది.

పొద్దున లేచి చూస్తే
కడిగి, తుడిచి, పాత పేపరు మీద
జతగా ఆరబెట్టి ఉన్నాయి.
"భలే మురికి పట్టాయమ్మా," అన్నాడు ఓయివా,
వేలి కొన మీద సూది గుచ్చుకుంటూ.